దారి చెప్పే పెట్టె, నల్లరేగడి డొంక

— బి.ఎస్సీ. (ఎం.పి.సి.), తృతీయ సంవత్సరం

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, "నువ్వు ఆస్ట్రేలియా వెళ్ళొచ్చావు గదా, యాత్రావ్యాసం రాసెయ్" అన్నారు. యాత్రావ్యాసం రాసేంతగా నేను తిరిగింది లేదు. సంక్రాంతి సెలవులకు ముందూ వెనుకా కొన్ని రోజులు కలుపుకుని వెళ్ళిన మూడు వారాల్లో సగం రోజులు మా అక్కయ్య కొడుకును ఎత్తుకోవడంతోనే సరిపోయాయి. అందుచేత అక్కడి వింతలను గురించి గాక, అక్కడ నన్ను బురదలో దింపిన ఒక చిన్న యంత్రాన్ని గురించి రాస్తున్నాను. "దింపిన" అన్నాను గాని, ఆ మాట న్యాయం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందు కొంత భౌతికశాస్త్రం చెప్పుకోవాలి. విసుగనిపించినవారు నాలుగు పేరాలు దాటవేసి బురద దగ్గర కలుసుకోవచ్చు.

మాది పల్నాడులో మెట్ట వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇంట్లో విమానం ఎక్కినవాళ్ళలో అక్కయ్య మొదటిది, నేను రెండోవాణ్ణి. బావగారికి బ్రిస్బేన్‌లో ఉద్యోగం. ఆయన కారు అద్దానికి లోపలివైపు అరచేతి వెడల్పున ఒక పెట్టె అంటించి ఉంటుంది. ఊరి పేరు, వీధి పేరు నొక్కితే "రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి" అంటూ దారి చెబుతుంది. చేతిలో ఫోను ఉండగా ఇది దేనికని అడిగాను. ఆ దేశంలో ఊళ్ళు దాటితే చాలాచోట్ల ఫోనుకు సిగ్నలు ఉండదనీ, ఈ పెట్టెలో పటమంతా ముందే నింపి ఉంటుంది గనుక సిగ్నలుతో పని లేదనీ చెప్పారు. బి.ఎస్సీ. ఫిజిక్సు చదువుతున్నవాణ్ణి గదా, ఆ మాటతో నాకు ఉత్సాహం వచ్చింది. ఆ రాత్రి బావగారికీ అక్కయ్యకూ జి.పి.ఎస్. మీద గంటసేపు పాఠం చెప్పాను. అక్కయ్య మధ్యలోనే నిద్రపోయింది.

ఆ పాఠం ఇదీ. జి.పి.ఎస్. అమెరికా రక్షణశాఖ ఏర్పరచిన వ్యవస్థ. మొదటి ఉపగ్రహాన్ని 1978లో పంపారు. 1983లో కొరియా ప్రయాణికుల విమానం ఒకటి దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయి, కూల్చివేతకు గురై, 269 మంది చనిపోయారు. ఆ తర్వాతనే ఈ వ్యవస్థ పూర్తయ్యాక ప్రపంచంలోని పౌరులందరికీ ఉచితంగా ఇస్తామని అమెరికా ప్రకటించింది. 1995 నాటికి పూర్తయింది. అయితే 2000 మే నెల దాకా పౌరులకిచ్చే సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేవారు. వంద మీటర్ల వరకూ తేడా వచ్చేది. అది తీసేశాక ఆరుబయట ఆకాశం బాగా కనిపించేచోట అయిదారు మీటర్ల లోపు తేడాతో మనమెక్కడున్నామో తెలుస్తున్నది.

ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున రోజుకు రెండుసార్లు చుట్టి వస్తుంటాయి. కనీసం 24 ఉండాలి, సాధారణంగా ముప్పై దాకా ఉంటున్నాయి. ఒక్కొక్కదానిలో పరమాణు గడియారం ఉంటుంది. అవి పంపే సంకేతం సారాంశం ఒక్కటే: "నేను ఫలానా ఉపగ్రహాన్ని. ఫలానా చోట ఉన్నాను. ఇప్పుడు టైము ఇంత." అంతే. మన పెట్టె ఆ కేక విని, అది తనను చేరడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, దాన్ని కాంతివేగంతో హెచ్చవేస్తుంది. మన ఊళ్ళలో మెరుపు చూసి, ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కబెట్టి, పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పే పెద్దలు ఉన్నారు. ఇదీ అదే లెక్క. కాకపోతే ధ్వని సెకనుకు 340 మీటర్లు నడిస్తే కాంతి 3 లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. 20 వేల కిలోమీటర్ల పైనుంచి కేక వచ్చి చేరడానికి పట్టేది సెకనులో పదిహేనో వంతు. గడియారంలో మైక్రోసెకను తప్పితే భూమి మీద 300 మీటర్లు తప్పుతుంది.

దూరాలు తెలిస్తే చోటు ఎలా తెలుస్తుంది? ఒకడు "నేను విజయవాడకు 12, గుంటూరుకు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నాను, ఎక్కడున్నానో చెప్పు" అంటే వృత్తలేఖినితో పటం మీద రెండు వృత్తాలు గీయండి, మంగళగిరి దగ్గర ఒకదానికొకటి తగులుతాయి. మంగళగిరి ఆ రెండు ఊళ్ళకూ దాదాపు వరసలో ఉంది గనుక రెండు దూరాలే సరిపోయాయి. మామూలుగా రెండు వృత్తాలు రెండుచోట్ల ఖండించుకుంటాయి, మూడో ఊరి దూరం కూడా కావాలి. మరి జి.పి.ఎస్.కు నాలుగు ఉపగ్రహాలు ఎందుకన్నది పరీక్షల్లో అడగదగిన ప్రశ్న. పెట్టెలో ఉన్నది చవక గడియారం, దాన్ని నమ్మడానికి లేదు. ఎక్స్, వై, జెడ్‌లతో పాటు ఆ గడియారం తప్పు కూడా నాలుగో అవ్యక్తరాశి. నాలుగు అవ్యక్తరాశులకు నాలుగు సమీకరణాలు కావాలి గదా!

ఐన్‌స్టీన్ సంగతి కూడా చెప్పకపోతే మా లెక్చరరుగారు ఊరుకోరు. పైన గురుత్వం తక్కువ గనుక ఉపగ్రహంలోని గడియారం రోజుకు 45 మైక్రోసెకనులు ముందుకు పోతుంది. వేగంగా కదులుతున్నందువల్ల 7 మైక్రోసెకనులు వెనకబడుతుంది. నికరంగా 38 ముందు. ఇది సరిదిద్దకుండా వదిలేస్తే రోజుకు పదకొండు కిలోమీటర్ల మేర తప్పు పేరుకుంటుంది. సాపేక్ష సిద్ధాంతం నిత్యజీవితంలో ఎందుకు పనికొస్తుందని అడిగేవారికి నేనిప్పుడు ఈ జవాబే చెబుతున్నాను.

పాఠం అయిపోయాక బావగారు నవ్వి ఒక కథ చెప్పారు. 2012 మార్చిలో జపాన్ నుంచి వచ్చిన ముగ్గురు విద్యార్థులు బ్రిస్బేన్ దగ్గర అద్దెకారులో నార్త్ స్ట్రాడ్‌బ్రోక్ దీవికి బయలుదేరారట. ఆ దీవికి పోవాలంటే పడవ ఎక్కాలి. వాళ్ళ పెట్టె మాత్రం దారి ఉన్నదన్నది. సముద్రం ఆటు మీద ఉండి నేల బయటపడి ఉంది. సరేనని కారు దింపారు. బురదలో చక్రాలు కూరుకుపోయాయి, పోటు రావడం మొదలైంది, కారు వదిలేసి నడిచి ఒడ్డుకు చేరారు. ఈ వార్త ప్రపంచమంతా చదివి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్విన నాలుగో రోజున మావంతు వచ్చింది.

బ్రిస్బేన్‌కు పడమరగా 125 కిలోమీటర్లు పోతే టూవూంబా పట్టణం, అది దాటితే డార్లింగ్ డౌన్స్ అనే మైదానం. అక్కడ పత్తీ జొన్నా పండిస్తారని విని, చూడాలని పట్టుబట్టింది నేనే. డాల్బీ అనే ఊరు దాటి దక్షిణంగా పోయాం. మిత్రులారా, ఆ నేల చూసి కారు ఆపించి దిగాను. అచ్చం మా నల్లరేగడి! చేత్తో తీసి నలిపి చూశాను, అదే బంక, అదే నలుపు. ఎకరాల కొద్దీ పూతకొచ్చిన పత్తి, కనుచూపు మేర గట్లు లేవు. మధ్యాహ్నం ఒక జల్లు బలంగా కురిసి వెలిసింది. నాలుగున్నర దాటాక బావగారు పెట్టెలో "ఇంటికి" అన్నది నొక్కారు. అది తారురోడ్డు విడిచి ఎడమకు తిరగమన్నది. చూస్తే పొలాల మధ్యన తిన్నగా పోయే మట్టిరోడ్డు.

బావగారు ఒక్క నిమిషం సందేహించారు. "వాన పడింది గదా, వచ్చిన దారినే వెనక్కి పోదామా?" అన్నారు. నేను ముందుసీట్లో కూర్చుని "దూరం తక్కువ చూపిస్తోంది బావా, ఇది తప్పు చెప్పదు" అన్నాను. రెండేళ్ళ పసివాడు వెనక సీట్లో అక్కయ్య ఒళ్ళో నిద్రపోతున్నాడు. మలుపు దగ్గర ఒక పచ్చబోర్డు ఉంది. వాన లేనప్పుడు మాత్రమే పోదగిన రోడ్డని దానిమీద రాసి ఉందట. ఉందని తర్వాత తెలిసింది. అప్పుడు మా ముగ్గురి కళ్ళూ పెట్టె మీదనే ఉన్నాయి.

రెండు కిలోమీటర్లు బాగానే పోయాం. తర్వాత చక్రాలకు మట్టి చుట్టుకోవడం మొదలైంది. మా ఊళ్ళో బండి చక్రానికి రేగడి పట్టినట్టే ముద్దలు ముద్దలుగా పట్టి, చక్రం తిరగలేక, కారు పక్కకు జారి దిగబడింది. ఈ మట్టిలోని బంకరేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయని కెమిస్ట్రీలో చదివాను. చదవకముందే, నిక్కరు వేసుకునే రోజుల్లోనే, వాన పడ్డ మర్నాడు డొంకలోకి బండి దింపకూడదని తెలుసు. ఆ రెండు తెలివీ ఆ సాయంత్రం ఏమయ్యాయో ఇప్పటికీ అంతుపట్టదు. తెలియని దేశం కావడంతో అక్కడి మట్టి కూడా నాకు తెలియనిదని అనుకున్నాను కాబోలు.

ఫోనులో సిగ్నలు లేదు. పెట్టె మాత్రం నిక్షేపంలా పనిచేస్తున్నది, మేం ఎక్కడున్నామో మీటర్లతో సహా చూపిస్తున్నది! ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. జి.పి.ఎస్. పెట్టె రేడియో వంటిది. ఆకాశవాణి మనకు వినిపిస్తుంది గాని మనం వింటున్నట్టు ఆకాశవాణికి తెలియదు. అలాగే పెట్టె ఉపగ్రహాల కేక వింటుందే గాని తిరిగి ఏమీ చెప్పదు. "పైనుంచి మనల్ని చూస్తూనే ఉంటారు గదరా" అని అక్కయ్య ధైర్యంగా అన్నది. ఎవరూ చూడరు. మనమెక్కడున్నామో మనకే తెలుస్తుంది, ఇంకొకరికి చెప్పడం మన పని.

తెరమీది అంకెలు ఒక కవరు వెనక రాసుకుని, అక్కయ్యనూ పిల్లవాణ్ణీ కారులోనే ఉంచి, బావగారూ నేనూ వెనక్కి నడిచాం. మిట్ట ఎక్కితే ఒక గీత సిగ్నలు వచ్చింది. దారిలో చెడిపోయిన కార్లను లాగేవారికి బావగారు ఫోను చేసి, అంకెలు చదవమని నాకిచ్చారు. తెరమీద ఉన్నది దక్షిణ అక్షాంశం 27 డిగ్రీల 24.6 నిమిషాలు, తూర్పు రేఖాంశం 151 డిగ్రీల 12.3 నిమిషాలు. కంగారులో నేను కవరు మీద 27, పక్కన చుక్క, 246 అనీ, 151, పక్కన చుక్క, 123 అనీ రాసుకున్నాను. అలాగే చదివాను. అవతలివాళ్ళు అలాగే రాసుకున్నారు. సిగ్నలు పోయింది.

తప్పు ఎక్కడో ఎం.పి.సి. వాళ్ళు ఈపాటికి పట్టేసి ఉంటారు. డిగ్రీకి 60 నిమిషాలు. 24.6 నిమిషాలను 60తో భాగిస్తే 0.41 డిగ్రీ. మేమున్నది 27.41 దగ్గర. నేను చెప్పింది 27.246. తేడా 0.164 డిగ్రీ. ఒక డిగ్రీ అక్షాంశం 111 కిలోమీటర్లు గనుక ఉత్తరానికి 18 కిలోమీటర్లు. రేఖాంశంలో తేడా 0.082 డిగ్రీ. అక్కడ ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 99 కిలోమీటర్లు గనుక పడమటికి 8. పైథాగరస్ ప్రకారం మొత్తం 20 కిలోమీటర్లు. అయిదు మీటర్లు కూడా తప్పని యంత్రాన్ని చేతిలో పెట్టుకుని, మమ్మల్ని లాగడానికొచ్చే మనిషిని 20 కిలోమీటర్ల అవతలి పొలాల్లోకి పంపించాను. ఇంటర్మీడియట్‌లో లెక్కల్లో నాకు ఎన్ని మార్కులు వచ్చాయో ఇక్కడ రాయను.

జనవరిలో అక్కడ ఆరున్నర దాటాక గాని పొద్దు గుంకదు. గుంకింది. ఎవరూ రాలేదు. సీసాలో మిగిలిన నీళ్ళు పిల్లవాడికని అక్కయ్య పక్కన పెట్టింది. వాడు లేచి ఏడ్చాడు, తాగాడు, మళ్ళీ ఏడ్చాడు. బావగారు నన్ను ఒక్క మాటా అనలేదు. అనివుంటే బాగుండేది. తొమ్మిది గంటలకు దూరాన పెద్ద లైట్లు కనిపించాయి. ఆ పొలం యజమాని. మా లైట్లు చూసి ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. గొలుసు తగిలించి పది నిమిషాల్లో కారును రోడ్డు చివరిదాకా లాగేశాడు. బోర్డు చూపించి, మా పెట్టెను చూపించి, ఏమీ అనకుండా తల ఊపాడు. లాగేవారికి ఆయన ఇంటి దగ్గర్నుంచి ఫోను చేస్తే, వాళ్ళ మనిషి నేను చెప్పిన చోట రెండు గంటలు వెతికి వెళ్ళిపోయాడని తెలిసింది.

ఆయన ట్రాక్టరులో కూడా జి.పి.ఎస్. ఉంది! పొలం దగ్గర ఒక స్థిరకేంద్రం పెట్టి దాని సవరణలు రేడియోలో అందుకుంటే తేడా రెండు సెంటీమీటర్లకు తగ్గుతుందట. ఏటా చక్రాలు అవే జాడల్లో నడిపిస్తారు. నేలంతా తొక్కిడి పడకుండా జాడల వరకే గట్టిపడి, మిగిలిన చేను గుల్లగా ఉంటుంది. అంత యంత్రం ఉన్న మనిషి వానపడ్డ నాడు చేలో అడుగు పెట్టలేదు. "ఆరేదాకా ఏం చేస్తాను?" అన్నాడు. ఆయన మరో సంగతి చెప్పాడు, తర్వాత చదివి నిజమేనని తెలుసుకున్నాను. ఆస్ట్రేలియా ఖండం ఏటా ఏడు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతున్నది. 1994 నాటి కొలతలతో గీసిన పటాలకూ ఉపగ్రహాలు చూపే చోటుకూ 2020 నాటికి 1.8 మీటర్ల తేడా వచ్చింది. అందుకని దేశం పటాల లెక్కనంతటినీ ఆ మేరకు సవరించుకున్నారు.

ఇప్పుడు మొదటి పేరాలోని మాటకు వస్తాను. ఆ పెట్టె చేసేవి మూడు వేరువేరు పనులు. మనమెక్కడున్నామో చెప్పడం ఉపగ్రహాల పని, అందులో ఆరోజు తప్పు లేదు. అక్కడ రోడ్డుందని చెప్పడం పటం పని, అది మనుషులు ఎప్పుడో గీసి నింపినది. రోడ్డు ఉన్నమాట నిజమే. ఇక ఏ రోడ్డున పోవాలో చెప్పడం లెక్క పని. కూడళ్ళను చుక్కలుగా, రోడ్లను గీతలుగా తీసుకుని ఒక్కో గీతకు దూరమో కాలమో రాసి, అన్నిటికన్న తక్కువ మొత్తం వచ్చే దారి వెతుకుతారు. ఇటువంటి పద్ధతిని డైక్‌స్ట్రా 1959లో ప్రచురించాడు. గీత మీద రాసిన అంకెలో వాన ఉండదు. క్వీన్స్‌లాండ్‌లో ఊరి వెలుపల వేరే బోర్డు లేకపోతే వేగపరిమితి గంటకు 100 కిలోమీటర్లు. మట్టిరోడ్డుకు కూడా అదే అంకె రాసి ఉంటే యంత్రం దృష్టిలో అది రాచబాటే. "మట్టిరోడ్లు వద్దు" అనే మీట ఆ పెట్టెలోనే ఉంది. మేం ఎన్నడూ నొక్కలేదు.

విదేశాలకు పోయే మన కాలేజీవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు గనుక నాలుగు మాటలు. చిరునామా టైపు చేశాక మొత్తం దారిని ఒకసారి దూరం నుంచి చూడాలి. 2016లో ఐస్‌లాండ్‌లో ఒక అమెరికా యాత్రికుడు విమానాశ్రయం నుంచి రాజధాని రేక్యావిక్‌లోని లౌగవేగుర్ వీధికి బయలుదేరాడు. ఆ పేరులో ఎక్కడో ఒక "ర్" ఎక్కువ పడింది. ముప్పావుగంటలో చేరవలసినవాడు గంటల తరబడి నడిపి ఉత్తరకోసన సిగ్లుఫ్యోర్దుర్ అనే చిన్న ఊళ్ళో తేలాడు. అక్కడ నిజంగానే ఆ "ర్" ఉన్న వీధి ఉంది! చైనాలో పటాలను చట్టప్రకారం కొంత పక్కకు జరిపి అచ్చువేస్తారు, బయటి యంత్రంలో మన చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకు పడవచ్చు. ఫ్రాన్సులో వేగం పట్టే కెమెరాలను చూపించే సదుపాయం నేరం, ముందే ఆపెయ్యాలి. సముద్రాలు దాటించి తెచ్చిన పెట్టెకు మొదటిసారి ఉపగ్రహాలను పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. చెడిపోయిందని కంగారుపడి మీటలన్నీ నొక్కవద్దు. అంకెలు ఎవరికైనా చెప్పేటప్పుడు డిగ్రీలు, నిమిషాలు అని పేరుపెట్టి చెప్పండి, ఉత్తరమో దక్షిణమో చెప్పండి, వాళ్ళచేత తిరిగి చదివించండి. సీసాలో నీళ్ళు రెండింతలు ఉంచుకోండి. బోర్డులు చదవండి.

మర్నాడు నాయనకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఉపగ్రహాలూ, నిమిషాలూ, చుక్క పెట్టినచోటూ అన్నీ ఓపికగా విన్నాడు. "వానకు రేగడి డొంకలో బండి దింపావుట్రా?" అన్నాడు. దింపాను నాయనా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడన్నాను.

"ఆయన ట్రాక్టరు ఎన్ని హెచ్.పి.?" అన్నాడు.